నిద్రపుచ్చమని పిలిస్తే "ఈరోజు వెయ్యను" అన్న డాక్టరమ్మ: ఇంటికొచ్చే వెట్ సర్వీస్ మీద నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 4. ఆ ఒక్క స్టార్ ఎందుకు కోశానో కింద రాశా, అది కూడా చదవండి.

హైదరాబాద్‌లో వనస్థలిపురం, ఎల్బీనగర్, నాగోల్, హయత్‌నగర్ ఈ చుట్టుపక్కల ఇంటికొచ్చి కుక్కల్నీ పిల్లుల్నీ చూసే చిన్న సర్వీస్ ఇది. ఒక డాక్టరమ్మ, ఒక అసిస్టెంట్ కుర్రాడు, ఒక స్కూటీ, అంతే సెటప్. పేరు ఇక్కడ పెట్టట్లేదు, ఆవిడే వద్దన్నారు, ఉన్న కాల్స్‌కే టైం చాలట్లేదు ఇంకా ఊళ్ళో వాళ్ళందరికీ చెప్తే ఎలా అన్నారు. మరి పేరు లేని రివ్యూ ఎందుకయ్యా అంటే, ముసలి కుక్క ఇంట్లో ఉన్నవాళ్ళు ఎలాంటి డాక్టర్ని వెతుక్కోవాలో తెలియాలని. మాకు అది ముందు తెలీదు. గూగుల్‌లో చూస్తే అన్నిటికీ 4.8 రేటింగే, గ్రూమింగ్ బాగా చేశారు, వ్యాక్సిన్ వేశారు, స్టాఫ్ ఫ్రెండ్లీ, ఇవే ఉంటాయి. చివరి ఏడాది ఎలా చూశారు అని రాసిన వాళ్ళు ఒక్కరూ కనపడలేదు.

మా వాడి పేరు రాజు. రాజుగాడు. లాబ్రడార్, నాన్న రిటైర్ అయిన ఏడాది తెచ్చుకున్నాడు, పదమూడు నిండాయి. నాన్న మోకాళ్ళు, వాడి మోకాళ్ళు ఒకే స్పీడులో అరిగాయి, ఇద్దరూ పొద్దున్నే గేటు దాకా వెళ్ళి పాల ప్యాకెట్లు తెచ్చుకోవడం, మధ్యలో ఇద్దరూ ఆగి రొప్పడం, అదొక దినచర్య.

ఆ డాక్టరమ్మని మొదటిసారి పిలిచింది వాడిని నిద్రపుచ్చడానికే, అంటే బాధ తెలీకుండా ఇంజెక్షన్‌తో ప్రాణం తీయించడానికే. తెల్లారి లేచేసరికి హాల్లో ఒక పక్కకి పడిపోయి ఉన్నాడు, లేవబోతే గిర్రున తిరిగి మళ్ళీ పడుతున్నాడు, తల ఎడమ వైపుకి వాలిపోయింది, పసుపు నీళ్ళ వాంతి, అన్నిటికన్నా భయం వేసింది ఏంటంటే కళ్ళు. రెండు కనుగుడ్లూ టకటకా పక్కకి కొట్టుకుంటున్నాయి, ఆగట్లేదు. అందరం పక్షవాతం అనుకున్నాం. ఎదురింటి అంకుల్ వచ్చి "పదమూడేళ్ళు బతికింది చాలమ్మా, ఇంకా ఎందుకు బాధ పెట్టడం, ఇంజెక్షన్ వేయించెయ్యండి" అన్నాడు. ఒక క్లినిక్‌కి ఫోన్ చేస్తే వయసు అడిగారు, చెప్పగానే "తీసుకొచ్చేయండి, ఇంజెక్షన్ వేసేద్దాం" అని రేటు కూడా చెప్పేశారు. కుక్కని చూడలేదు, కనీసం ఏం జరిగిందో పూర్తిగా వినలేదు. ముప్పై రెండు కేజీల కుక్కని కార్లో ఎక్కించే దారి లేక, ఇంటికొచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని కాలనీ వాట్సాప్‌లో అడిగితే ఈవిడ నంబర్ దొరికింది.

వచ్చింది. చెప్పులు విప్పి నేరుగా కింద బండల మీద కూర్చుంది, వాడి మీద చెయ్యి కూడా వెయ్యకుండా కాసేపు ఊరికే చూసింది. తర్వాత కళ్ళల్లోకి టార్చ్ వేసి కొట్టుకోవడం అడ్డంగా ఉందా నిలువుగా ఉందా అని చూసింది, రెండు చెవులూ చూసి వాసన కూడా చూసింది, చిగుళ్ళు నొక్కింది. ఆ తర్వాత వాడిని పట్టుకోమని, ఒక్కో పాదాన్నీ తిరగేసి పైభాగం నేలకి ఆనేలా పెట్టింది. ముందు కాళ్ళు పెట్టగానే సరిచేసుకున్నాడు. వెనక కాళ్ళు లేటుగా. "ఇది వేరే సంగతి, తర్వాత మాట్లాడదాం" అని రాసుకుంది.

నాన్న అప్పటికే కళ్ళు తుడుచుకుంటూ "సంతకం ఎక్కడ పెట్టాలమ్మా" అన్నాడు. ఆవిడ అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "అంకుల్, ఇది స్ట్రోక్ లా కనిపిస్తుంది, చాలాసార్లు కాదు. ముసలి కుక్కల్లో లోపలి చెవి దగ్గర బ్యాలెన్స్ చూసే వ్యవస్థ ఉన్నట్టుండి దెబ్బతింటుంది, వెస్టిబ్యులర్ అంటాం. కళ్ళు అడ్డంగా కొట్టుకుంటున్నాయి, నిలువుగా అయితే మెదడు గురించి భయపడేదాన్ని. మూడు రోజులు ఆగండి. ఈరోజు మాత్రం నేను ఆ ఇంజెక్షన్ వెయ్యను."

వాంతులకి ఒక ఇంజెక్షన్, సెలైన్, చుట్టూ దిండ్లు పెట్టమని, నీళ్ళు గిన్నెలో కాకుండా చేత్తో తాగించమని, ఎత్తుకుని తిప్పొద్దని (అలా తిప్పితే తలతిరుగుడు ఇంకా ఎక్కువవుతుందట) చెప్పి విజిట్ ఫీజు 800 తీసుకుని వెళ్ళిపోయింది. మూడో రోజుకి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రెండు వారాలు తిరిగేసరికి గేటు దాకా నడిచాడు. తల ఒంపు మాత్రం అలాగే ఉండిపోయింది, మనం చెప్పింది సరిగ్గా వినపడనట్టు ఎప్పుడూ తల వంచి చూసేవాడు.

ఆ రోజు ఆ క్లినిక్‌కి తీసుకెళ్ళి ఉంటే మధ్యాహ్నానికి అయిపోయేది. అందుకే నా దృష్టిలో ఈ సర్వీస్‌కి పడే మార్కుల్లో సగం పైన ఆ మొదటి విజిట్‌కే. వద్దు అనాల్సిన రోజు వద్దు అన్నవాళ్ళు, తర్వాత ఒకరోజు ఇక చాలు అంటే నమ్మబుద్ధవుతుంది.

రెండోసారి వచ్చినప్పుడు ఇల్లంతా తిరిగి చూసింది. మాది పాలిష్ బండల ఇల్లు, వీడి కాళ్ళు జారి విడిపోయేవి, లేవలేక మూలిగేవాడు, మేమేమో నొప్పి అనుకునేవాళ్ళం. సగం నొప్పి కాదు నేల అంది. ఏం కొనాలో చెప్పింది, ఏదీ తను అమ్మలేదు, ఇది గమనించండి. కొన్నవాటి గురించి ఇక్కడే రాసేస్తా, ఎవరికైనా పనికొస్తుంది.

మ్యాట్లు: కింద రబ్బర్ ఉన్న పొడుగు మ్యాట్లు, వాడు పడుకునే చోటు నుంచి నీళ్ళ గిన్నెకి, అక్కడ నుంచి గేటుకి ఒక దారిలా పరిచాం. యోగా మ్యాట్ కూడా పర్లేదు గానీ గోళ్ళకి చిరిగిపోతుంది. పెట్టిన డబ్బులన్నిట్లో బెస్ట్ ఇదే, ఇంకో మాట లేదు. దాంతోపాటు గోళ్ళు తీయించడం, పాదాల మధ్య వెంట్రుకలు కత్తిరించడం, ఇది ఫ్రీ, తేడా మాత్రం అదే రోజు తెలుస్తుంది. హార్నెస్ (కుక్క ఒంటికి కట్టి, పట్టుకుని లేపే పట్టీ): మొదట నడుముకి మాత్రమే కట్టేది ఆన్‌లైన్లో తెప్పించాం, మగ కుక్కకి అది వేస్ట్, సరిగ్గా ఒంటికి పోసే చోటే పట్టీ అడ్డం వస్తుంది. ముందూ వెనకా రెండు హ్యాండిళ్ళు ఉండి కింద ఖాళీ వదిలిన మోడల్ తీసుకోండి. అది వచ్చేదాకా అమ్మ పాత చున్నీ పొట్ట కింద నుంచి తీసి రెండు చివరలూ పట్టుకుని నడిపించాం, నిజం చెప్పాలంటే అది కూడా బాగానే పనిచేసింది. డైపర్లు: మగ కుక్కకి నడుం చుట్టూ చుట్టే బ్యాండ్ చాలు, ఫుల్ డైపర్ వేస్తే తోక కింద ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. పరుపు: ఆర్థోపెడిక్ బెడ్ అని ఆరేడు వేలు చెప్తారు, గట్టి ఫోమ్ ముక్క కొలతకి కోయించి రెగ్జిన్ కవర్ కుట్టించి పైన దుప్పటి వేస్తే అదే. దూది పరుపు మాత్రం వద్దు, బరువుకి అణిగిపోయి మోచేతులు బండకే తగులుతాయి.

ఇంకోటి, చాలా ఇళ్ళల్లో జరిగేది కాబట్టి రాస్తున్నా. నాన్న తన మోకాళ్ళ మాత్ర సగం విరిచి వాడికి ఇవ్వనా అని అడిగాడు. డాక్టరమ్మ గొంతు పెంచింది ఒక్క ఆ విషయంలోనే. మనుషుల నొప్పి మాత్రలు, బ్రూఫెన్, డైక్లోఫినాక్ లాంటివి కుక్కలకి కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు పోతాయి. పిల్లికైతే పారాసిటమాల్ ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి. కుక్కలకి ఇచ్చే నొప్పి మందులు వేరే ఉన్నాయి, అవైనా రక్త పరీక్ష చేసి కిడ్నీ, లివర్ చూశాకే. పరీక్షలకి నారాయణగూడ గవర్నమెంట్ వెటర్నరీ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్ గానీ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ హాస్పిటల్ గానీ వెళ్ళండి, ప్రైవేట్‌లోనే చేయించాలని రూల్ లేదు అని ఆవిడే చెప్పింది. తన దగ్గరే చేయించుకోమనే డాక్టర్లని చూసిన వాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో తెలుసు.

ఇక అసలు జబ్బు. రాజుగాడి మొరుగుడు మారిందని మాకు ఎప్పటినుంచో తెలుసు, బొంగురుగా, సగంలో ఆగిపోయేది. వయసుకి గొంతు పోయిందిలే అని నవ్వుకునేవాళ్ళం. కూర్చున్న చోటే రొప్పడం, ఊపిరి పీల్చినప్పుడు గరగర చప్పుడు, నీళ్ళు తాగితే దగ్గు. ఆవిడ గొంతు దగ్గర స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విని, వెనక కాళ్ళు లేటుగా తిప్పుకున్న సంగతి దీనికి కలిపింది. లారింజియల్ పెరాలసిస్. గాలి పీల్చినప్పుడు స్వరపేటిక తలుపులు తెరుచుకోవాలి, వాటిని నడిపించే నరం మెల్లగా చచ్చుబడిపోతుంది. ముసలి లాబ్రడార్లలో ఇది ఎక్కువ, గొంతు నరంతో ఆగదు, అదే నరాల జబ్బు వెనక కాళ్ళకీ పాకుతుంది. తగ్గేది కాదు. ఒక పక్క తలుపుని కుట్టేసి తెరిచి ఉంచే ఆపరేషన్ ఉంది, దాంతో ఊపిరి బాగుపడుతుంది గానీ తిన్నదీ తాగిందీ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చే రిస్క్ జీవితాంతం ఉంటుంది. పదేళ్ళ కుక్క అయ్యుంటే, కాళ్ళు బాగుండి ఉంటే చేయించమనేదాన్ని అంది. మేం వద్దనుకున్నాం.

మెడకి బెల్టు తీసేయించింది, హార్నెస్ తప్ప ఇంకేం వద్దంది. ఎండలో తిప్పొద్దు, ఉద్రేకపడనివ్వొద్దు. ఈ జబ్బు ఉన్న కుక్కకి వేడే శత్రువు, వేడికి రొప్పుతుంది, రొప్పితే ఇరుకు గొంతు వాచిపోతుంది, వాచితే ఇంకా రొప్పుతుంది. అలా ఊపిరాడక పోతాయి. ఇది చెప్పినప్పుడు శివరాత్రి వెళ్ళింది, హైదరాబాద్‌లో ఏప్రిల్, మే ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

అక్కడ మొదలైంది ఇంట్లో గొడవ, ఎండలు ముదిరేలోపే వాడిని నిద్రపుచ్చాలా వద్దా అని. ఎందుకంటే వాడు తింటున్నాడు. పెరుగన్నం గిన్నె నాకి నాకి గోడ దాకా తోసుకెళ్తాడు. అమ్మ ఒకటే మాట, "గిన్నె నాకేవాడిని చంపుకుంటామా, వాడి ఆయుష్షు వాడిది, ఉన్నన్నాళ్ళు ఉండనీ, మనకెందుకీ పాపం". ఆవిడ మాటల్ని కొట్టిపారెయ్యకండి, అమ్మే రాత్రుళ్ళు లేచి వాడిని అటు నుంచి ఇటు తిప్పి పడుకోబెట్టేది, ఒకే వైపు పడుకుంటే పుండ్లు పడతాయని. ఆ చాకిరీ చేసిన మనిషికి ఆ మాట అనే హక్కు ఉంది.

డాక్టరమ్మ వాదించలేదు. "ఆంటీ, ఇంట్లోనే వాడంతట వాడు పోనిస్తామంటే దానికీ నేను వస్తా, మందులు ఇస్తా, ఎలా చూసుకోవాలో నేర్పిస్తా. కిడ్నీ జబ్బో ఇంకోటో అయితే కొన్నిసార్లు నిద్రలోకి జారినట్టు పోతాయి. ఇది అలా ఉండదు. ఊపిరి కోసం కొట్టుకుంటూ, మనల్ని చూస్తూ పోతుంది. అదొక్కటి తెలుసుకుని నిర్ణయం తీసుకోండి" అంది. తిండి సంగతి అడిగితే నవ్వింది. లాబ్ తింటోందంటే బాగుందని అర్థం కాదట. 2016లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ళు చూస్తే లాబ్రడార్లలో సుమారు నాలుగింట ఒకదానికి ఆకలి తీరిందని చెప్పే జన్యువులో ఒక ముక్క లేదని తేలింది. మిగతా కుక్కలకి తిండి మానెయ్యడం ఒక గుర్తు, వీటికి ఆ గుర్తు నమ్ముకుంటే చాలా లేటవుతుంది.

అప్పుడు ఇచ్చింది ఒక షీట్. అమెరికాలో అలీస్ విలలోబోస్ అని జంతువుల క్యాన్సర్ డాక్టర్ 2004లో తయారుచేసిన స్కేల్ అట, ఈవిడ దాన్ని చేత్తో తెలుగులో రాసి జెరాక్స్ తీయించింది. ఏడు ప్రశ్నలు: నొప్పి (ఊపిరి కూడా ఇందులోకే వస్తుంది), ఆకలి, నీళ్ళు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డరోజుల కన్నా మంచిరోజులు ఎక్కువున్నాయా. ఒక్కోదానికి పదికి మార్కులు, మొత్తం 35 దాటితే ఇంకా నెట్టుకురావచ్చు. ఇంట్లో ముగ్గురం విడివిడిగా వేయాలి, ఒకరిది ఒకరు చూడకూడదు. నాన్న వేసిన మార్కులు చూస్తే రాజుగాడు ఎవరెస్ట్ ఎక్కేలా ఉన్నాడు. అమ్మవి అందరికన్నా తక్కువ. చంపొద్దు అన్న మనిషే తక్కువ వేసింది, ఎందుకంటే రాత్రుళ్ళు చూసేది ఆవిడే. ఆ కాగితాలు మూడూ పక్కపక్కన పెట్టి చూశాక మా ఇంట్లో మాట్లాడుకునే తీరే మారిపోయింది.

దాంతోపాటు ఒక చిన్న పని చెప్పింది. వాడికి బాగా ఇష్టమైన పనులు మూడు రాయండి అంది. గేటు దాకా పాలకి వెళ్ళడం, స్కూటర్ కింద నీడలో పడుకోవడం, నాన్న పేపర్ చదువుతుంటే పాదాల మీద గడ్డం పెట్టడం. రోజూ రాత్రి, ఈ మూడింట్లో రెండు జరిగితే క్యాలెండర్లో టిక్కు, లేకపోతే ఇంటూ. మా ఇంట్లో వెంకట్రామా క్యాలెండర్, తిథులూ వర్జ్యాలూ ఉన్న గడుల్లోనే టిక్కులు పడ్డాయి. మార్చి అంతా బాగానే ఉంది. ఉగాది దాటాక ఇంటూలు వరసగా రావడం మొదలయ్యాయి, ఎవరూ ఎవరితో ఏం అనలేదు గానీ అందరం వెళ్తూ వస్తూ ఆ గోడ వైపు చూసేవాళ్ళం.

మా చెల్లి డాలస్‌లో ఉంటుంది, జూన్‌లో వస్తా, అప్పటిదాకా ఆగండి, ఏసీ వేసి ఉంచండి అని రోజూ వీడియో కాల్‌లో ఏడుపు. డాక్టరమ్మ దానితో ఫోన్లో మాట్లాడింది, ఛార్జ్ చెయ్యకుండా. "నువ్వొచ్చేదాకా ఉంచడం నీకోసం అవుతుంది, వాడికోసం కాదు" అని చెప్పింది, ఇంత మెత్తగా కాదు, కొంచెం కటువుగానే చెప్పింది. చెల్లి ఇప్పటికీ ఆవిడ మీద కోపంగానే ఉంది. అది రేటింగ్ ఇస్తే రెండు స్టార్లు ఇచ్చేదేమో, అది కూడా ఇక్కడ రాయాలిగా.

ఇక ఒక రాత్రి కరెంటు పోయింది. ఏసీ ఆగింది, ఇన్వర్టర్ మీద ఫ్యాన్ ఒక్కటే, వీడు రొప్పడం మొదలుపెట్టి నాలుక నీలంగా మారింది. తడిబట్టలు కప్పి, ఫ్యాన్ దగ్గర పెట్టి ఈవిడకి ఫోన్ చేస్తే స్విచాఫ్. రాత్రి తొమ్మిది తర్వాత ఎత్తదు. అర్ధరాత్రి కార్లో ఏసీ వేసుకుని ఒక 24 గంటల క్లినిక్‌కి వెళ్తే ఆక్సిజన్ పెట్టి మత్తు ఇచ్చి తెల్లారేసరికి ఇంటికి పంపారు. నేను కోసిన స్టార్‌లో పెద్ద ముక్క ఇదే. ఒక్క మనిషి 24 గంటలూ పనిచెయ్యలేదు, తెలుసు. కానీ ఇలాంటి జబ్బు ఉందని తనకి తెలిసినప్పుడు రాత్రి ఏమైనా అయితే ఇక్కడికి వెళ్ళండి అని ఒక పేరు ముందే రాసివ్వాల్సింది. ఇవ్వలేదు, మేమే వెతుక్కున్నాం, ఆ వెతుకులాటలో పోయిన నిమిషాలు మామూలు నిమిషాలు కాదు.

పొద్దున్నే అమ్మే అంది, ఇక చాలు అని. పిలవండి, కాకపోతే శుక్రవారం వద్దు అంది. డాక్టరమ్మ శనివారం ఇచ్చింది.

ఆ రోజు ఎలా జరుగుతుందో ముందు ఎవరైనా చెప్తే బాగుండు అనుకునేవాళ్ళ కోసం వివరంగా రాస్తున్నా, వద్దనుకుంటే ఈ పేరా దాటెయ్యండి. ముందు కాగితం మీద సంతకం. తర్వాత కూర్చోబెట్టి జరగబోయేదంతా చెప్పింది, కళ్ళు మూసుకోవు, తెరిచే ఉంటాయి, అంతా అయిపోయాక కూడా ఒకటి రెండు సార్లు ఊపిరి తీసినట్టు ఛాతీ కదలొచ్చు, ఒంటికి రావొచ్చు, ఇవేవీ వాడికి తెలిసి జరిగేవి కావు, చూసి భయపడొద్దు అని. ముందే చెప్పడం ఎంత మంచిదో ఆ తర్వాత అర్థమైంది, అవన్నీ జరిగాయి, నాన్న "బతికే ఉన్నాడమ్మా" అని అరిచి ఉండేవాడు లేకపోతే. మొదటి ఇంజెక్షన్ తొడలో, మత్తుకి. వాడు నాన్న పాదాల మీద గడ్డం పెట్టుకుని ఉండగానే వేసింది. పది పదిహేను నిమిషాల్లో గాఢంగా నిద్రపోయాడు, గురక కూడా పెట్టాడు. అప్పుడు ముందు కాలి మీద కొంచెం వెంట్రుకలు గీసి రక్తనాళంలోకి క్యాన్యులా, అంటే మందు ఎక్కించే సన్న గొట్టం, పెట్టింది. ముసలి కుక్కల్లో రక్తనాళం దొరకడం కష్టం, ఒకసారి తప్పింది, రెండోసారి దొరికింది, మత్తులో ఉన్నాడు కాబట్టి కదల్లేదు. రెండో ఇంజెక్షన్ అంటే ఆపరేషన్లకి వాడే మత్తుమందే, మోతాదు బాగా ఎక్కువ. ముందు స్పృహ, తర్వాత ఊపిరి, తర్వాత గుండె. రెండు మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విని, తీసి, మళ్ళీ పెట్టి విని, అప్పుడు చెప్పింది. చెప్పి పక్కకి వెళ్ళి వరండాలో కూర్చుంది, మేం లేచేదాకా లోపలికి రాలేదు.

మత్తు ఇవ్వకుండా నేరుగా రెండోది వేసేవాళ్ళు ఉన్నారు, టైం కలిసొస్తుందని, మందు ఖర్చు తగ్గుతుందని. కాబట్టి ఎవర్ని పిలిచినా మొదటి ప్రశ్న ఇదే అడగండి, ముందు మత్తు ఇస్తారా లేదా. స్టేట్ వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, కాంపౌండర్లు వచ్చి చేసేసి పోతున్న కేసులు విన్నాం. ఇంట్లో వాళ్ళు పక్కన ఉండొచ్చా అడగండి. ఇంకోటి, ఎప్పుడైనా ఎవరికైనా వద్దని చెప్పారా అని అడగండి, దానికి వచ్చే జవాబులోనే సగం తెలిసిపోతుంది.

శరీరం సంగతి. ఆ మందు ఒంట్లో అలాగే ఉండిపోతుంది, పైపైన పూడ్చినా, ఎక్కడైనా పడేసినా, దాన్ని తిన్న కుక్కలు, గద్దలు కూడా చచ్చిపోతాయి. పొలం ఉన్నవాళ్ళు జేసీబీతో లోతుగా తవ్వించి పూడ్చండి. సిటీలో మాకు నాగోల్ దగ్గర ఫతుల్లాగూడలో జీహెచ్ఎంసీ పెట్టిన జంతువుల దహనవాటిక ఉంది, ముందు ఫోన్ చేసి టైం కనుక్కుని వెళ్ళండి. ఈ సర్వీస్ వాళ్ళు దీనికి ఏమీ ఏర్పాటు చెయ్యరు, బండి కూడా మనమే చూసుకోవాలి, ఇది స్టార్‌లో ఇంకో ముక్క. మూడో ముక్క ఆ అసిస్టెంట్ కుర్రాడు. సామాన్లు సర్దుకుంటూ నాన్నతో "అంకుల్, మా ఫ్రెండ్ దగ్గర లాబ్ పప్పీలు ఉన్నాయి, ఫోటోలు పంపనా" అన్నాడు. రాజుగాడి మీద దుప్పటి ఇంకా కప్పలేదు. డాక్టరమ్మ వాడిని అక్కడే తిట్టింది గానీ మాట అయితే అనేశాడు కదా.

ఆరోజు ఖర్చు మందులతో కలిపి 4,500. రసీదు అడిగితే చిట్టీ మీద రాసిచ్చింది, సరైన బిల్లు ఉంటే బాగుండేది. గంట లేటుగా వచ్చింది, సాగర్ రింగ్ రోడ్ ట్రాఫిక్ అంది, మెసేజ్ అయినా పెట్టాల్సింది, ఆ గంట మాకు ఎలా గడిచిందో.

ఒక మాట పక్కన పెడతా, రివ్యూకి సంబంధం లేకపోయినా. ఔటర్ రింగ్ రోడ్ దగ్గర, చెరువు గట్ల మీద ముసలి లాబ్‌లనీ జర్మన్ షెపర్డ్‌లనీ వదిలేసి పోయేవాళ్ళని చూస్తూనే ఉన్నాం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం అది నేరం, మొదటిసారి పట్టుబడితే జరిమానా ఎంతో తెలుసా, 10 రూపాయల నుంచి 50 రూపాయలు. చాయ్ సమోసా కూడా రావు. ఇంజెక్షన్ పాపం అని భయపడి రోడ్డు మీద వదిలేసే లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఎవరికి ఈ సర్వీస్ సెట్ అవుతుందంటే, పెద్ద కుక్క ఉండి క్లినిక్‌కి మొయ్యలేని వాళ్ళకి, నెమ్మదిగా ముదిరే జబ్బులకి, ఇంట్లో తలో మాట అనుకుంటున్న వాళ్ళకి. ఎమర్జెన్సీకి కాదు. తియ్యగా మాట్లాడే డాక్టర్ కావాలనుకునేవాళ్ళకి కూడా కాదు, ఈవిడ అవసరం లేని ఓదార్పు ఒక్క ముక్క కూడా చెప్పదు, అమ్మకి అది నచ్చింది, చెల్లికి నచ్చలేదు.

అన్నట్టు రెండు హ్యాండిళ్ళ హార్నెస్, ఫోమ్ బెడ్, ఇంకా విప్పని బ్యాండ్ల ప్యాకెట్ ఒకటి ఇంట్లోనే ఉన్నాయి. హార్నెస్ ముప్పై కేజీల పైన కుక్కకి సరిపోతుంది, ముందు పట్టీ దగ్గర కొంచెం కుట్టు ఊడింది, అది వేయించుకోవాలి. వనస్థలిపురం వచ్చి తీసుకెళ్ళేవాళ్ళకి ఊరికే ఇచ్చేస్తాం, బెడ్ మాత్రం ఆటోలో పట్టదు, కారు తెచ్చుకోండి.